పాయింట్ టూ టూ తూటా మొరాయిస్తే రేంజ్‌లో ఏం చేయాలి?

ట్రిగ్గర్ నొక్కగానే 'ఢాం' అనాలి. అలా కాకుండా 'టిక్' మని ఊరుకుంటే, కొత్తగా రైఫిల్ పట్టినవాళ్లు దాదాపు అందరూ చేసే పని ఒకటే. తుపాకీని భుజం మీంచి దించి, తమ వైపు తిప్పుకుని, "ఏమైంది దీనికి?" అని చూస్తారు. ఆ క్షణంలో అంతకంటే తప్పు పని ఇంకోటి లేదు. టిక్ మన్న తుపాకీ ఖాళీది కాదు. లోపల తూటా ఉంది, దాని మీద దెబ్బ కూడా పడింది, అది ఇప్పుడు ఏ స్థితిలో ఉందో బయటికి కనిపించదు. దీపావళి రాత్రి వత్తి కాలిపోయి పేలని టపాసు దగ్గరికి పిల్లల్ని వెళ్లనివ్వం కదా, ఇదీ అలాంటిదే.

తెలుగువాళ్లలో చాలామందికి పాయింట్ టూ టూ (.22 క్యాలిబర్) తూటా మొదట ఎన్‌సీసీ క్యాంపులో చేతికొస్తుంది. డీలక్స్ రైఫిల్, ఐదో పదో రౌండ్లు, పక్కన ఉస్తాద్. తర్వాత కొందరు గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోని రేంజ్‌కో, తమ ఊళ్లోని రైఫిల్ క్లబ్బుకో వెళ్లి సీరియస్‌గా నేర్చుకుంటారు. ఎక్కడ కాల్చినా, ఎంత ఖరీదైన తూటా కొన్నా, ఎప్పుడో ఒకసారి ఇది మొరాయిస్తుంది. అప్పుడు ఏం చేయాలో ముందే చేతికి అలవాటై ఉండాలి. లేన్‌లో నిలబడి ఆలోచించుకుందామంటే కుదరదు.

ఈ తూటాయే ఎందుకు ఎక్కువ మొరాయిస్తుంది

పోలీసు, మిలిటరీ తూటాల అడుగున మధ్యలో చిన్న బిళ్లలాగా ప్రైమర్ విడిగా ఉంటుంది. ఫైరింగ్ పిన్ సరిగ్గా అక్కడ కొడుతుంది. పాయింట్ టూ టూ అలా కాదు. అంటుకునే మందు దీని అడుగు అంచు మడతలో, చుట్టూ పరుచుకుని ఉంటుంది. రిమ్‌ఫైర్ అనడం అందుకే. సాధారణంగా తయారీలో ఆ మందును తడిగా, చిటికెడంత ఖాళీ కేస్‌లో (తూటా ఇత్తడి గొట్టంలో) వేసి, కేస్‌ను గిర్రున తిప్పుతారు. ఆ వేగానికి మందు అంచులోకి పాకి ఆరుతుంది. తర్వాత తుపాకి మందు, పైన సీసపు బుల్లెట్.

మందు అంచు చుట్టూ సమానంగా పాకకపోతే ఎక్కడో ఒకచోట ఖాళీ మిగులుతుంది. ఫైరింగ్ పిన్ సరిగ్గా ఆ ఖాళీ మీద కొడితే అంటుకోదు. అదే తూటా ఇంకో పక్కకి తిరిగి ఉంటే మామూలుగా పేలి ఉండేది. ఇక ఈ కేస్ అంచు పలచగా ఉండి తీరాలి, లేకపోతే పిన్ దెబ్బకు నలగదు. అందువల్ల దీన్ని మరీ గట్టిగా చేయడానికీ లేదు. బుల్లెట్ కూడా కేస్ మూతిలో అంత బిగుతుగా ఉండదు, తేమ, నూనె లోపలికి దిగడానికి సందు ఉంటుంది. 1887 నుంచీ దాదాపు ఇదే నిర్మాణం.

చౌక రకంలో డడ్‌లు (పేలని తూటాలు) ఎక్కువ, పోటీల కోసం చేసే మ్యాచ్ రకంలో తక్కువ. కానీ ఎలీ, లాపువా, ఆర్‌డబ్ల్యూఎస్ లాంటి పేర్లు పెట్టె మీద ఉన్నంత మాత్రాన అసలు రావని కాదు.

'టిక్' మంటే

బ్యారెల్‌ను టార్గెట్ వైపే ఉంచండి. ఇది అన్నిటికంటే ముందు. భుజం మీంచి దించకండి, ఒళ్లో పెట్టుకోకండి, పక్కవాళ్ల వైపు తిరిగి "పేల్లేదు" అని చెప్పకండి. చెప్పాలంటే మెడ ఒక్కటే తిప్పండి, తుపాకీ కాదు.

వేలు ట్రిగ్గర్ మీంచి తీసేయండి. ఖాళీగా ఉన్న చేయి పైకెత్తండి. రేంజ్ ఆఫీసర్‌కో కోచ్‌కో అది చాలు. ప్రోన్‌లో పడుకుని, స్లింగ్‌లో చెయ్యి బిగిసి ఉన్నవాళ్లు గట్టిగా "మిస్‌ఫైర్" అని పిలవండి. సిగ్గుపడాల్సిన పని కాదు.

ఇప్పుడు ఆగండి. కనీసం 30 సెకన్లు. మీ రేంజ్‌లో నిమిషం అని రూల్ ఉంటే నిమిషం. మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. టెన్షన్‌లో మనం ఊహించుకునే 30 సెకన్లు నిజానికి పది కూడా ఉండవు.

ఈ ఆగడం ఎందుకంటే, అప్పుడప్పుడూ మందు వెంటనే కాక కాస్త ఆలస్యంగా అంటుకుంటుంది. దాన్ని హ్యాంగ్‌ఫైర్ అంటారు. పాయింట్ టూ టూలో ఇది అరుదు, వచ్చినా ఆ ఆలస్యం సాధారణంగా క్షణంలో చిన్న భాగమే. ఆ ముక్క పట్టుకునే కొందరు పాత షూటర్లు ఆగనక్కర్లేదంటారు. నేను ఒప్పుకోను. బోల్ట్ (తూటాను వెనక నుంచి మూసి ఉంచే భాగం) సగం తెరిచిన సమయంలో తూటా అంటుకుంటే, కేస్‌ను పట్టి ఉంచే గోడ దానికి వెనక ఉండదు. ఇత్తడి ముక్కలైపోయి మీ మొహం మీదికి వస్తుంది. చాంబర్ (తూటా కూర్చునే గూడు) బయట పేలిన తూటాలో బుల్లెట్ కంటే ఆ ఇత్తడి ముక్కలతోనే భయం. కన్ను పోవడానికి చిన్న ముక్క చాలు. 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ పోటీలో 60 షాట్లకు గంటన్నర ఇస్తారు, అందులోంచి అర నిమిషం పోతే ఏమీ కాదు.

సినిమాల్లో, వీడియోల్లో ఇంకోటి చూసి ఉంటారు. పిస్టల్ ఆగిపోగానే మ్యాగజైన్ అడుగున ఒక్కటిచ్చి, స్లైడ్ వెనక్కి లాగి వదిలి, మళ్లీ కాల్చేస్తారు. అది ఎదుటివాడు తిరిగి కాలుస్తున్నప్పుడు బతకడానికి నేర్పే పద్ధతి. మీ ఎదురుగా ఉన్నది కాగితం టార్గెట్.

సమయం అయ్యాక, పిస్టల్ అయితే ముందు మ్యాగజైన్ తీసేయండి. తర్వాత, బ్యారెల్ అలాగే ముందుకే ఉంచి, కేస్ బయటపడే కిటికీ మీ మొహానికీ పక్కవారికీ ఎదురుగా లేకుండా చూసుకుని, బోల్ట్ గానీ స్లైడ్ గానీ మెల్లగా తెరవండి. తూటాను చేతిలో పట్టుకుందామని ఆ కిటికీ మీద అరచేయి అడ్డం పెట్టే అలవాటు కొందరికి ఉంది, మానుకోండి. కిందపడనివ్వండి, తర్వాత ఏరుకోవచ్చు. కళ్లద్దాలు మాత్రం ఈ పని మొత్తం అయ్యేదాకా తీయొద్దు.

తూటా రాకుండా బిగుసుకుపోతే చాకు, స్క్రూడ్రైవర్, పిన్నీసు లాంటివి పెట్టి అంచు దగ్గర గీకొద్దు. ఈ తూటాకు పేలే మందు ఉన్నదే అంచులో. బ్యారెల్ మూతి వైపు నుంచి క్లీనింగ్ రాడ్ దూర్చి, లోపలున్న పేలని తూటాను వెనక్కి నెట్టడం అంతకంటే ప్రమాదం. ఆ స్థితిలో తుపాకీని టార్గెట్ వైపు చూపిస్తూ అక్కడే ఉంచి ఆర్మరర్‌కో (తుపాకులు బాగుచేసేవారికో) కోచ్‌కో అప్పజెప్పండి.

బయటికి వచ్చింది మొత్తం తూటాయేనా?

చాలామంది చూడకుండా దాటేసేది ఇక్కడే. మ్యాచ్ రైఫిళ్ల చాంబర్లు చాలా బిగుతుగా చేస్తారు. తూటా లోపలికి వెళ్లగానే బుల్లెట్ ముందుభాగం బ్యారెల్ గాడుల్లోకి కొంచెం దిగి కరుచుకుంటుంది. పేలని తూటాను వెనక్కి లాగితే ఒక్కోసారి కేస్ మాత్రమే ఊడివస్తుంది. బుల్లెట్ అక్కడే ఉండిపోతుంది, మందు రవ్వలు యాక్షన్‌లో (బోల్ట్ కదిలే భాగంలో) ఒలికిపోతాయి. అది చూడకుండా ఇంకో తూటా పెట్టబోతే, అది లోపలికి వెళ్లదు. కొత్తవాళ్లు బోల్ట్‌ను బలంగా నెడతారు. ఆ పని చేయొద్దు.

అందుకే బయటపడ్డ దాన్ని చూడండి. మూతికి బుల్లెట్ ఉందా? ఉంటే మామూలు డడ్. లేకపోతే కాల్చడం ఆపేసి, బోల్ట్ విప్పి, ఒలికిన మందును గుడ్డతో శుభ్రం చేసి, బుల్లెట్‌ను తెలిసినవాళ్లతో తీయించండి.

'తుస్' మంటే, మరీ జాగ్రత్త

టిక్ మంటే అందరూ ఆగుతారు. తుస్ మంటే చాలామంది ఆగరు. నా దృష్టిలో రేంజ్‌లో వచ్చే తూటా సమస్యలన్నిటిలో ఇదే పెద్దది. ఎందుకంటే పేలినట్టే ఉంటుంది.

కేస్‌లో తుపాకి మందు పడకపోయినా, బాగా తక్కువ పడినా, తడిసినా, అంచులోని మందు ఒక్కటే అంటుకుంటుంది. ఆ బలంతో బుల్లెట్ బయటికి పోలేదు, బ్యారెల్‌లో కొంత దూరం వెళ్లి ఇరుక్కుంటుంది. దీన్ని స్క్విబ్ అంటారు. దాని వెనక ఇంకో తూటా కాల్చారో, బ్యారెల్ ఉబ్బుతుంది. ఒక్కోసారి చీలుతుంది. లక్షలు పోసిన బ్యారెల్ సంగతి అలా ఉంచి, ముందు మీ ఎడమ చేయి దాని కిందే ఉందన్నది గుర్తుంచుకోండి.

గుర్తులు ఇవి: చప్పుడు మామూలు కంటే తక్కువగా, బోలుగా ఉంటుంది. భుజానికి తగిలే చిన్న తోపు కూడా తగలదు. టార్గెట్ మీద కొత్త రంధ్రం పడదు, ఎలక్ట్రానిక్ టార్గెట్ అయితే స్క్రీన్ మీద షాట్ కనిపించదు. పిస్టల్ అయితే స్లైడ్ పూర్తిగా వెనక్కి రాదు, ఖాళీ కేస్ చాంబర్‌లోనే ఉండిపోవచ్చు. బోల్ట్ తెరిస్తే పొగ వెనక్కి రావడం, కాలని మందు రవ్వలు కనిపించడం కూడా ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి అనుమానంగా అనిపించినా ఆగిపోవాలి. చెవులకు మఫ్స్ ఉంటాయి, పక్క లేన్‌లో ఎవరో కాలుస్తుంటారు కాబట్టి చప్పుడు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. అందుకే ప్రతి షాట్ తర్వాత స్కోప్‌లోనో స్క్రీన్ మీదో చూసే అలవాటు స్కోరు కోసమే కాదు, దీనికీ పనికొస్తుంది.

షాట్ కనిపించకపోతే "టార్గెట్ బయటికి పోయిందేమో" అనుకుని ఇంకోటి కాల్చి చూద్దామనిపిస్తుంది. ముఖ్యంగా కొత్తవాళ్లకు. నిజంగా బయటికే పోయి ఉండొచ్చు కూడా. అయినా బ్యారెల్ చూశాకే రెండోది.

చూడడం ఎలాగంటే: పైన చెప్పినట్టే బ్యారెల్ ముందుకే ఉంచి, చేయెత్తి, 30 సెకన్లు ఆగి, మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ చేయండి. బోల్ట్ రైఫిల్ అయితే బోల్ట్ పూర్తిగా బయటికి తీసి, వెనకవైపు నుంచి వెలుతురులోకి చూడండి. గుండ్రంగా వెలుగు కనిపించాలి. మూతి వైపు నుంచి లోపలికి తొంగిచూసే పని ఎప్పుడూ వద్దు. పిస్టళ్లలో వెనక నుంచి చూడడానికి వీలుండదు, కాబట్టి బ్యారెల్ ఖాళీయేనా అన్నది రాడ్‌తో కోచ్ చూస్తారు. ఇక్కడ ఒక మాట. నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్ పెట్టినంత మాత్రాన సరిపోదు. చిన్న ఫ్లాగ్ చాంబర్ ఖాళీ అని చెబుతుంది, బ్యారెల్ ఖాళీ అని చెప్పదు.

ఇరుక్కున్న బుల్లెట్ తీయడం ఆర్మరర్ పని. సరైన సైజు రాడ్, చదునైన కొన, రెండు చుక్కల నూనె, మెల్లగా తట్టడం. చీపురుపుల్లలు, చెక్క పుల్లలు దూర్చితే లోపల విరిగి ఇంకో సమస్య తెస్తాయి. బుల్లెట్ వచ్చాక బ్యారెల్‌లో నల్లటి ఉంగరంలాంటి నీడ కనిపిస్తే అక్కడ ఉబ్బిందని అర్థం. దాంతో మళ్లీ కాల్చకండి.

మొహం మీదికి వేడిగాలి కొడితే

చప్పుడు మామూలుగానే వచ్చి, మొహానికి సర్రున వేడి, కళ్లద్దాల మీద మసి, కేస్ చూస్తే అంచు దగ్గర చీలిక. కేస్ అంచు పగిలిందన్న మాట. కేస్ లోపం కావచ్చు. లేదా తుపాకీ పూర్తిగా మూసుకోకముందే పేలి ఉండవచ్చు, చాంబర్‌లో మురికి ఉండి తూటా చివరిదాకా వెళ్లకపోతే అలా జరుగుతుంది. ఎక్స్‌ట్రాక్టర్ (కేస్‌ను బయటికి లాగే కొక్కెం), మ్యాగజైన్ దెబ్బతిన్నాయేమో చూపించండి. అదే పెట్టెలో రెండోది కూడా ఇలా చీలితే ఆ పెట్టె పక్కన పెట్టేయండి. పవర్ కళ్లద్దాలు ఉన్నాయి కదా అని సేఫ్టీ గ్లాసెస్ మానేసేవాళ్లు ఉంటారు. పక్కల నుంచి కూడా కాపాడేవి పెట్టుకోండి.

డడ్‌ను తిప్పి మళ్లీ కాల్చవచ్చా?

అందరూ అడిగే ప్రశ్న. మందు అంచులో ఒకచోట లేకపోతే ఇంకోచోట ఉంటుంది కాబట్టి, తూటాను సగం చుట్టు తిప్పి మళ్లీ పెడితే చాలాసార్లు పేలుతుంది. మన దగ్గర మంచి తూటాలు దిగుమతి మీదే రావాలి, దొరకడం కష్టం, ఒక్కోటి లెక్క. అందుకే ఈ ఆశ పుడుతుంది, అర్థమవుతుంది.

ప్రాక్టీస్‌లో, బోల్ట్ రైఫిల్‌తో, కోచ్ పక్కన ఉండి సరే అంటే, పూర్తి సమయం ఆగాక, ఒక్కసారి. అంతకుమించి కాదు. రెండు దెబ్బలు తిన్న అంచు బలహీనపడుతుంది, మూడో దెబ్బకు చీలే అవకాశం పెరుగుతుంది. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో అసలు వద్దు. బుల్లెట్ కదిలినా, వంకరపోయినా, అంచు ఉబ్బినా వద్దు. మీ రేంజ్‌లో కుదరదంటే వాదించకండి. నన్నడిగితే, పేలినా ఆ షాట్ ఎక్కడికి పోతుందో నమ్మకం లేదు, స్కోరుకు పనికిరాని షాట్ కోసం ఇంత తంటా ఎందుకు?

తప్పు తూటాదా, తుపాకీదా?

డడ్ చేతికొచ్చాక దాని అంచు మీద పడ్డ గుంటను చూడండి. సగం జవాబు అక్కడే ఉంటుంది. పక్కన బాగా పేలిన కేస్ ఒకటి పెట్టుకుని పోల్చండి.

గుంట లోతుగా, స్పష్టంగా, అంచు మీదే పడి కూడా పేలకపోతే తూటా లోపమే అనుకోవచ్చు. గుంట పైపైన పడితే తుపాకీని అనుమానించండి. స్ప్రింగ్ బలం తగ్గి ఉంటుంది, పిన్ కొన అరిగి ఉంటుంది, లేదా బోల్ట్ లోపల గ్రీజు చిక్కబడి పిన్ వేగాన్ని తగ్గిస్తుంటుంది. ఈ చివరిది మనవాళ్లకు ఢిల్లీలో తెలిసొస్తుంది. హైదరాబాద్ వేడిలో చక్కగా పనిచేసిన రైఫిల్, చలికాలం తెల్లవారుజామున తుగ్లకాబాద్ కర్ణీ సింగ్ రేంజ్‌లో టిక్ మంటుంది. బోల్ట్ లోపల చిక్కటి గ్రీజు కాకుండా పలచటి నూనె, అదీ తుడిచేసినంత తక్కువగా ఉండాలి.

ఇంకో మోసం ఉంది. తూటాను తిప్పకుండా అలాగే రెండోసారి కొడితే పేలిందనుకోండి. తూటా లోపం అనిపిస్తుంది, కానీ ఎక్కువసార్లు కాదు. చాంబర్‌లో మసి, బుల్లెట్ల మైనం పేరుకుంటే తూటా చివరి వరకు కూర్చోదు. మొదటి దెబ్బ బలం దాన్ని లోపలికి నెట్టడానికే సరిపోతుంది, రెండో దెబ్బకు పేలుతుంది. దీనికి విరుగుడు కొత్త పెట్టె కాదు, చాంబర్ బ్రష్. కేస్ మూతి ఆగే చోట, దానికి కాస్త ముందు, ఉంగరంలా గట్టిపడ్డ మసి ఉంటుంది. సాల్వెంట్ వేసి కాసేపు నాననిచ్చి వెనకవైపు నుంచి శుభ్రం చేయాలి.

ఖాళీ తుపాకీతో ట్రిగ్గర్ నొక్కే ప్రాక్టీసు కూడా దీనికి కారణం కావచ్చు. తూటా అంచు అడ్డం లేకపోతే కొన్ని తుపాకుల్లో పిన్ నేరుగా చాంబర్ అంచును తాకి అక్కడ చిన్న గుంట చేస్తుంది. ఆ తర్వాత తూటాలు సరిగా కూర్చోవు, బయటికి రావు. మీ తుపాకీ మాన్యువల్ ఒప్పుకుంటే తప్ప డమ్మీ తూటా లేకుండా డ్రై ఫైర్ వద్దు.

ఇంకా తేలకపోతే అడ్డదిడ్డంగా మార్చి చూడండి. అదే లాట్ (ఒకే విడతలో తయారైన) తూటాలు వేరే రైఫిల్‌లో కాల్పించండి, మీ రైఫిల్‌లో వేరే లాట్ వేయండి. సమస్య తూటాల వెంట వెళ్లిందా, తుపాకీ వెంట ఉండిపోయిందా తెలిసిపోతుంది. ఇందుకోసమే డైరీలో లాట్ నంబర్ రాసుకోవాలి. పెట్టె మీద ఉండే ఆ నంబరును మనవాళ్లు గ్రూపింగ్ (షాట్లు ఎంత దగ్గరగా పడుతున్నాయన్నది) కోసం చూస్తారు, డడ్‌ల లెక్క మాత్రం రాయరు. తేదీ, లాట్, ఎన్నో షాట్, గుంట ఎలా ఉంది. ఒక్క లైను.

పోటీలో అయితే

రైఫిల్ ఈవెంట్లలో కంగారు లేదు, పైన చెప్పినట్టు సమయం ఉంటుంది. 25 మీటర్ల పిస్టల్ వేరు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్జౌ ఆసియా క్రీడల్లో టీమ్ స్వర్ణం, వ్యక్తిగత రజతం తెచ్చిన ఈవెంట్ ఇదే, ఇందులో ర్యాపిడ్ భాగంలో ఒక్కో షాట్‌కు దొరికేది 3 సెకన్లు. విజయ్ కుమార్ 2012 లండన్‌లో రజతం గెలిచిన ర్యాపిడ్ ఫైర్‌లో అయితే 8, 6, చివరికి 4 సెకన్లలో ఐదు షాట్లు. మధ్యలో తూటా మొరాయిస్తే ఆ సిరీస్ పోయినట్టే.

రూల్స్ ఇందుకు దారి ఇచ్చాయి. తూటా పేలకపోవడం, బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కోవడం, కేస్ బయటికి రాకపోవడం అలవబుల్ మాల్‌ఫంక్షన్ (షూటర్ తప్పు కాదని ఒప్పుకునే లోపం) కింద వస్తాయి. కానీ అది ఇప్పించుకోవాలంటే పిస్టల్‌ను వదలకుండా, ముందుకే చూపిస్తూ, రెండో చేయెత్తి ఆఫీసర్‌ను పిలవాలి. ఆయన వచ్చి చూడకముందే మీరు స్లైడ్ ముట్టుకున్నా, సేఫ్టీ కదిలించినా నాన్ అలవబుల్ అయిపోతుంది. మ్యాగజైన్ సరిగా పెట్టకపోవడం, ఐదుకు నాలుగే నింపడం, సేఫ్టీ తీయడం మర్చిపోవడం కూడా మీ తప్పే. ఎన్నిసార్లు క్లెయిమ్ చేయవచ్చు, సిరీస్ ఎలా తిరిగి కాల్చాలి అన్నవి మారుతుంటాయి, ప్రతి సీజన్ ముందూ కొత్త రూల్‌బుక్ చూసుకోండి. చూశారా, భద్రత కోసం చేయమన్నదీ స్కోరు కోసం చేయమన్నదీ ఇక్కడ ఒకటే. ప్రాక్టీస్‌లో టక్కున స్లైడ్ లాగే అలవాటు ఉన్నవాళ్ల చేయి పోటీలోనూ ఆగదు.

డడ్‌లు తగ్గాలంటే

కాల్చే ముందు తూటాలను ట్రేలో పరిచి ఒకసారి చూడండి. బుల్లెట్ వేళ్ల మధ్య వదులుగా తిరిగితే, వంకరగా ఉంటే, కేస్ మీద సొట్ట ఉంటే, పచ్చటి చిలుము పడితే, పక్కన పెట్టేయండి. కిందపడిన తూటాకు మైనం మీద ఇసుక అంటుకుంటుంది, దాన్ని బ్యారెల్‌లోకి పంపొద్దు.

ఎండాకాలం కారు డిక్కీలో తూటాల పెట్టె వదిలేయకండి. మైనం కరుగుతుంది, అంతకంటే ముందు అది చట్టప్రకారం కూడా సరైన చోటు కాదు. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో మూత బిగుతుగా ఉండే డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లం తప్పనిసరి. ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి తెచ్చాక పెట్టెను వెంటనే తెరవకండి, చల్లటి ఇత్తడి మీద నీరు పడుతుంది. కాసేపు మూసే ఉంచండి. ఇక తుపాకీకి కొట్టే నూనె స్ప్రేలు తూటాల దగ్గరికి రానివ్వొద్దు. అవి సందుల్లోంచి దిగి అంచులోని మందును చంపేస్తాయి. నూనె చేతులతో తూటాలు నింపేవాళ్లు తుడుచుకోండి. సీసం కదా, కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టిఫిన్.

వానకు తడిసిన పెట్టెను ఎండలో ఆరబెట్టడం, హెయిర్ డ్రయర్ పెట్టడం లాంటి ప్రయోగాలు వద్దు. అలాంటి వాటిలోంచే తుస్ మనేవి వస్తాయి. వాటిని డడ్‌ల కింద లెక్కకట్టేయండి.

పేలని తూటాను ఏం చేయాలి

చెత్తబుట్టలో వేయొద్దు, పాతిపెట్టొద్దు, పట్టకారుతో బుల్లెట్ ఊడదీయొద్దు, నిప్పులో అసలు వద్దు. నీళ్లలోనో నూనెలోనో నానబెడితే చచ్చిపోతుందని కొందరంటారు, నమ్మకండి. రేంజ్‌లో డడ్‌ల కోసం విడిగా పెట్టె ఉంటుంది, లేకపోతే రేంజ్ ఆఫీసర్ చేతికివ్వండి. మంచి తూటాల ట్రేలో మాత్రం ఒక్క క్షణం కూడా పెట్టకండి, కలిసిపోతుంది. రిజిస్టర్‌లో ఇచ్చినవి, కాల్చినవి, డడ్‌లు లెక్క కుదిరిందో లేదో చూసుకుని సంతకం పెట్టండి.

పేలలేదు కాబట్టి అది తూటా కాదనుకోకండి. 1959 ఆయుధాల చట్టం కళ్లకు అది తూటాయే, లైసెన్స్ లేకుండా జేబులో ఉంటే కేసే. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో స్కానర్ దగ్గర బ్యాగు అడుగున ఒక్క పాయింట్ టూ టూ కనిపిస్తే ఆ రోజు ఫ్లైటు ఎక్కడం కష్టం. తెలియకుండా ఉండిపోయిందని తర్వాత కోర్టులో తేల్చుకుని బయటపడినవాళ్లు ఉన్నారు, కానీ దానికి నెలలు పడుతుంది. రేంజ్ నుంచి బయల్దేరే ముందు షూటింగ్ జాకెట్ జేబులు, కిట్ బ్యాగు అరలు, మ్యాగజైన్ సంచి తిరగేసి చూడండి. కాలేజీకో ఊరికో వెళ్లడానికి అదే బ్యాగు వాడకపోతే ఇంకా మంచిది. ఖాళీ కేస్‌లు కూడా కీచైన్ కోసమని ఇంటికి తెచ్చుకోకండి, చాలా రేంజ్‌లలో వాటికీ లెక్క ఉంటుంది.

ఒకే లాట్‌లో డడ్‌లు వరుసగా వస్తుంటే మిగిలిన పెట్టెలు తెరవకుండా డీలర్‌కో, మీకు కేటాయించిన అసోసియేషన్‌కో రాయండి. లాట్ నంబర్ కనిపించేలా పెట్టె ఫొటో, గుంటలు కనిపించేలా డడ్‌ల ఫొటో, అదే తుపాకీలో వేరే లాట్ ఎలా పేలిందో ఒక వాక్యం చాలు. నమూనా కావాలని వాళ్లు అడిగితే రేంజ్ ద్వారా, కాగితాలతో పంపించాలి. మామూలు కొరియర్ కవర్లో వేసి మీరే పంపకండి.